అరియలూరు శిలాజాల టూర్: గైడ్‌కి ఐదు చుక్కలు, ప్లానింగ్‌కి రెండే

తిరుచ్చి నుంచి ఒక్కరోజు టూర్, కారూ గైడూ ట్రావెల్స్ వాళ్లవే. ఏసీ సగం సగమే పనిచేసింది, మధ్యాహ్నం భోజనానికి వాళ్లకి కమీషన్ వచ్చే హోటల్‌కే తీసుకెళ్లారు. అయినా డబ్బులు దండగ అనిపించలేదు, కారణం గైడ్ గారు. ఆయన రిటైరైన జియాలజీ లెక్చరర్.

కారై అనే ఊరి దగ్గర దిగితే చెట్టూ చేమా లేని మట్టి గుట్టలు, వాన నీళ్లు కోసేసిన గండ్లు. "దీనికోసమా ఇంత దూరం?" అంది మా ఆవిడ. ఆయన వంగి, తుపాకీ గుండు ఆకారంలో ఉన్న చిన్న రాయి ఏరి ఆవిడ చేతిలో పెట్టారు. బెలెమ్నైట్ అట, స్క్విడ్‌కి దూరపు చుట్టం, దాని ఒంట్లోపలి గట్టి భాగం. విరిగిన వైపు చూస్తే నడిమి చుక్క నుంచి అన్ని వైపులకీ సన్నటి గీతలు. ఆ తర్వాత ఆవిడ్ని అక్కణ్ణుంచి కదిలించడం నా వల్ల కాలేదు! అమ్మోనైట్ (చుట్ట తిరిగిన గుల్లతో ఉండే, అంతరించిపోయిన జీవి) ముక్కలూ కనిపించాయి, మట్టి పగుళ్లలో జిప్సం పలకలు ఎండకి తళతళమంటున్నాయి.

ఇవన్నీ సముద్రంలో బతికిన జీవులే, కానీ ఇప్పటి తీరం అక్కడికి దాదాపు 100 కిలోమీటర్లు. మరి సముద్రం ఎలా వచ్చిందంటే, సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట మన తూర్పు అంచు అంటార్కిటికా నుంచి విడిపోతుంటే నేల సాగి, పలచబడి, పగుళ్ల వెంట కుంగింది, కావేరి బేసిన్ అనే పల్లం అలా ఏర్పడిందే. తర్వాత, డైనోసార్ల చివరి యుగమైన క్రెటేషియస్ కాలంలోనే, ప్రపంచమంతా సముద్రమట్టం పెరిగేసరికి నీళ్లు ఆ పల్లంలోకి ఎక్కేశాయి. మేం నిలబడ్డది దాదాపు 10 కోట్ల ఏళ్ల నాటి సముద్రం అడుగున.

సాత్తనూరులో రాయైపోయిన 18 మీటర్ల చెట్టు మానుంది. నేల మీద పెరిగిన చెట్టే, కొట్టుకొచ్చి సముద్రంలో మునిగిపోయింది. 1940లో జియాలజిస్ట్ ఎం.ఎస్. కృష్ణన్ దీని గురించి లోకానికి చెప్పారు. అరియలూరు సున్నపురాయి గనులు కారులోంచే చూపించారు. అక్కడి సిమెంట్‌కి ముడిసరుకు ఆనాటి ఆల్చిప్పల పొరలే.

మా గోదావరి వైపు ఏమైనా ఉందా అని అడిగితే తడుముకోకుండా దుద్దుకూరు, పంగిడి పేర్లు చెప్పారు. అక్కడ నల్లరాతి లావా కింద టురిటెల్లా అనే మర మేకులాంటి సముద్రపు నత్తల గుల్లలున్న సున్నపురాయి ఉందట. కృష్ణా-గోదావరి బేసిన్ కూడా ఆ విడిపోవడంలో పుట్టిందే. రాజమండ్రి పక్కన ఇన్నేళ్లు ఉన్నా మాకు ఒక్కరూ చెప్పలేదు.

ఇక ప్లానింగ్. కారైకి ఇచ్చింది ముప్పావు గంట, అదీ మిట్టమధ్యాహ్నం! గంగైకొండ చోళపురం గుడికి మాత్రం సాయంత్రమంతా. గుడి అద్భుతం, కాదనను, కానీ దానికి వేరే రోజు పెట్టుకోవచ్చుగా.

బుక్ చేసేవాళ్లు గుడి తీసేయమని ముందే చెప్పండి, కారై పొద్దున్నే పెట్టించుకోండి, ఎండాకాలం మాత్రం వద్దు. నీళ్లు, టోపీ, గట్టి బూట్లు మీవే, వాళ్లేమీ ఇవ్వరు. దొరికినవి చూసి, ఫొటో తీసుకుని అక్కడే వదిలేయండి, జేబులో వేసుకోబోతే గైడ్ గారు ఊరుకోరు.