లాహ్తి ట్రిప్: ఆట అదిరింది, రూమ్ ముంచింది

2029లో నార్డిక్ వరల్డ్ చాంపియన్‌షిప్స్ (మంచు మీద స్కీల ఆటల ప్రపంచ పోటీలు) మళ్ళీ ఫిన్లాండ్‌లోని లాహ్తికే ఇచ్చారని తెలిసినప్పట్నుంచి ఇక్కడ హెల్సింకి పక్కనున్న ఎస్పోలో మన తెలుగువాళ్ళు ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారు, వెళ్ళొచ్చా, ఎక్కడ ఉండాలి అని. ఆటకైతే కళ్ళు మూసుకుని వెళ్ళండి. ఉండే చోటు దగ్గరే నాకు ఇప్పటికీ కడుపు మంట, అది చల్లారక రాస్తున్నా ఇదంతా.

మేం వెళ్ళింది 2017లో, మార్చి 3 శుక్రవారం. నేను, మా ఆవిడ, నరసరావుపేట నుంచి రెండు నెలలకని వచ్చిన మామగారు. బయల్దేరే ముందే ఇంట్లో చిన్న గొడవ, ఆయన ఊర్నించి తెచ్చుకున్న షోలాపూర్ దుప్పటి బ్యాగులో పెట్టుకుంటానంటారు, మా ఆవిడేమో "ఒక్క రాత్రికి దుప్పటేంటి నాన్నా, అక్కడ అన్నీ ఉంటాయి" అని తీసి సోఫా మీద పడేసింది. ఈ దుప్పటి సంగతి గుర్తుపెట్టుకోండి.

హెల్సింకి నుంచి ట్రైన్ గంట, ఏ ఇబ్బందీ లేదు. టికెట్లు మా కొలీగ్ ఒకాయన రాలేక సగం ధరకి ఇచ్చేశాడు, ముగ్గురికీ కలిపి 60 యూరోలు. లాహ్తిలో గొప్పేంటంటే స్కీలు కట్టుకుని దూకే మూడు జంపింగ్ కొండలూ పక్కపక్కనే, వాటి కిందే స్కీయింగ్ స్టేడియం, అంటే పొద్దున ఒక ఊరు సాయంత్రం ఇంకో ఊరు అని బస్సులు పట్టుకుని తిరగక్కర్లేదు. పెద్ద కొండ 130 మీటర్లది, అంటే ఎత్తు కాదు, దూకే దూరం లెక్క. దాని కిందే ఎండాకాలం స్విమ్మింగ్ పూల్ నడుస్తుందని చెప్తే మామగారు నమ్మలేదు, నేను ఎగతాళి చేస్తున్నా అనుకున్నారు.

ఆట గురించి తెలీనివాళ్ళకి కాస్త చెప్తా. నార్డిక్ కంబైన్డ్ అంటే కొండ మీంచి దూకినవాడే మళ్ళీ స్కీల మీద పరిగెత్తాలి. మేం చూసింది అందులో టీమ్ స్ప్రింట్, దేశానికి ఇద్దరు. ఇద్దరూ తలా ఒక్కసారి దూకుతారు, ఆ పాయింట్లు కలిపి, తేడాని సెకన్లుగా మార్చి, ముందున్న టీమ్‌ని ముందు వదుల్తారు. తర్వాత ఒక్కొక్కరికి 7.5 కిలోమీటర్లు, కానీ ఏకబిగిన కాదు, ఒకడు ఒకటిన్నర కిలోమీటరు తిరిగొచ్చి రెండోవాణ్ణి చేత్తో తాకాలి, వాడు వెళ్ళాలి, వీడు రొప్పుతూ నిలబడి తన వంతు కోసం చూడాలి, ఇలా ఇద్దరికీ కలిపి పది చుట్లు. గడియారం చూడక్కర్లేదు, లైన్ ముందు దాటిన టీమే గెలిచినట్టు. ఇది అర్థమైతే మీరూ లేచి అరుస్తారు.

దూకడం మొదలైంది. మొదట్లో మామగారు మఫ్లర్‌లోంచి కళ్ళు మాత్రం బయటపెట్టి, "ఏంటండీ అల్లుడుగారూ, కాళ్ళు విరగ్గొట్టుకోడానికి ఇంత ఖర్చు పెట్టుకొచ్చామా" అన్నారు. దిగేటప్పుడు ఒక కాలు ముందుకేసి మోకాలు వంచితేనే మంచి మార్కులని, ఐదుగురు జడ్జిల్లో ఎక్కువ వేసినవాడివీ తక్కువ వేసినవాడివీ తీసేస్తారని చెప్పా. అంతే, ఇక ప్రతివాడి ల్యాండింగ్‌కీ ఆయనే మార్కులు వేయడం మొదలెట్టారు. మాస్టారుగా రిటైరయ్యారు లెండి.

జంపింగ్‌కీ స్కీయింగ్‌కీ మధ్య గ్యాప్ ఉంటుంది, ఆ టైమ్‌లో చలికి వేళ్ళు మొద్దుబారిపోయాయి. ముందు 5 యూరోలు పెట్టి ఆవాల ముద్దతో సాసేజ్ కొన్నాం, వేస్టు, మా ఆవిడ సగం నాకే ఇచ్చేసింది. తర్వాత దొరికింది అసలైంది, సాల్మన్ సూపు. తెల్లగా, పైన వెన్న తేలుతూ, బంగాళాదుంప ముక్కలు, బొటనవేలంత చేప ముక్కలు, పైన సోయకూర, పక్కన నల్లగా గట్టిగా రై బ్రెడ్డు. గిన్నె 12 యూరోలు. మామగారు గిన్నెలోకి చూసి వెనక్కి నెట్టారు. "పాలల్లో చేపేంటమ్మా, బొల్లొస్తుంది." నిజంగానే మన ఇళ్ళల్లో చేపలు తిన్న రోజు మజ్జిగ కూడా పొయ్యరు కదా. మా ఆవిడ బతిమాలింది, నేను ఈ దేశం మొత్తం ఇదే తింటోంది చూడండి అన్నా. ఒక చెంచా తాగారు. ఏం మాట్లాడలేదు. గిన్నె ఖాళీ చేసి, "ఆ బ్రెడ్డు ఇంకోటి ఇస్తారేమో అడగండి" అన్నారు. ఇంకో గిన్నె తెచ్చా. మొత్తం ట్రిప్‌లో పైసా వసూల్ అనిపించిన ఖర్చు ఆ 48 యూరోలే.

స్కీయింగ్‌లో ఆయన జపాన్ పార్టీ అయిపోయారు, కారణం ఆ ఇద్దరూ అన్నదమ్ములు, అకిటో వతాబే, యోషిటో వతాబే. తమ్ముడు వచ్చి అన్నని తాకిన ప్రతిసారీ ఈయన నా వీపు మీద చరుస్తున్నారు. జర్మనీ జోడీ ఫ్రెంజెల్, రిడ్జెక్ గెలిచారు, రిడ్జెక్‌కైతే ఆ చాంపియన్‌షిప్స్‌లో అది నాలుగో గోల్డ్, నార్డిక్ కంబైన్డ్‌లో ఉన్న నాలుగు ఈవెంట్లూ ఊడ్చేశాడు. నార్వే రెండో స్థానం. జపాన్ మూడో స్థానం. "అన్నదమ్ములు కలిసుంటే ఇట్టాగే ఉంటది" అన్నారు మామగారు. ఆయనకీ ఆయన తమ్ముడికీ పొలం గట్టు దగ్గర ఎనిమిదేళ్ళుగా మాటల్లేవు, మా ఆవిడ నావైపు చూసి నవ్వాపుకుంది.

ఇక రూమ్. ఆన్‌లైన్‌లో ఎవరిదో అపార్ట్‌మెంట్, రాత్రికి 240 యూరోలు, మామూలు రోజుల్లో అందులో సగం కూడా ఉండదు, అయినా చలిలో పెద్దాయన్ని రాత్రి ట్రైన్ ఎక్కించడం ఎందుకని తీసుకున్నా. "స్టేడియంకి 10 నిమిషాలు" అని రాశాడు. అది కార్లో. మేం ఐసు మీద జారకుండా పెంగ్విన్లలా నడిచి 40 నిమిషాలకి చేరాం. బయటి డోర్ కోడ్ పనిచెయ్యలేదు. ఓనర్ ఫోన్ ఎత్తడు. పాతిక నిమిషాలు బయటే. చివరికి కుక్కని తిప్పడానికి వచ్చిన ఒక పెద్దావిడ మామగారి ముక్కు రంగు చూసి, ఒక్క మాట అడక్కుండా తలుపు తీసింది.

లోపలికెళ్తే మంచాలు ఉన్నాయి, దుప్పట్లు లేవు. బొంత ఉంది, తొడుగు లేదు. బీరువాలో ప్యాక్ చేసి పెట్టి మీద ఒక చీటీ, దుప్పటి సెట్ మనిషికి 15 యూరోలు. క్లీనింగ్‌కి వేరేగా 50. ఫిన్లాండ్‌లో ఇది మామూలే, దుప్పట్లు ఎవరివి వాళ్ళు తెచ్చుకుంటారు, క్లీనింగ్ ఎవరికి వాళ్ళే చేస్తారు, ఆ మాట ముందే కనపడేట్టు రాయొచ్చుగా, ఎక్కడో కింద ఫిన్నిష్‌లో రెండు లైన్లు పెట్టాడు. ఫోటోలో చూపించిన సౌనా, అంటే వేడిగా కూర్చునే ఆవిరి గది, బిల్డింగ్ మొత్తానిది, ఈ ఫ్లాట్ వంతు శనివారం సాయంత్రమట. మేం శనివారం పొద్దున్నే ఖాళీ చెయ్యాలి. ఆ సౌనా ఆశ చూపించే మామగార్ని ఆ 40 నిమిషాలూ నడిపించా నేను! మొత్తం 335 యూరోలు, మన లెక్కలో అప్పట్లో 23 వేల పైమాట.

కాబట్టి 2029కి వెళ్ళేవాళ్ళు హెల్సింకిలోనే ఉండి ట్రైన్‌లో వచ్చి పొండి, ఉండాల్సే వస్తే దుప్పట్లు, క్లీనింగ్, సౌనా మూడూ మెసేజ్‌లో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

ఆ రాత్రి మామగారు కోపం చేసుకోలేదు. 15 యూరోల ప్యాకెట్ చింపి, దుప్పటి పరుచుకుని, వెలుతుర్లోకి ఒక కొస ఎత్తి నేత చూశారు. "పల్చగా ఉందమ్మా" అన్నారు కూతురితో. అంతే, అటు తిరిగి పడుకున్నారు.