ఫ్లాట్ కొంటున్నారా? బ్రోచర్‌లో వీల్‌చెయిర్ బొమ్మ చూసి అడ్వాన్స్ ఇవ్వకండి

ఇంట్లో వీల్‌చెయిర్ వాడేవాళ్లున్నా, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని పెద్దవాళ్లున్నా ఇది ఒకసారి చదవండి. నాకు జరిగింది మీకు జరగకూడదు.

ఆరేళ్లుగా నేను వీల్‌చెయిర్‌లోనే తిరుగుతున్నాను. మియాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ తీసుకున్నాను. బ్రోచర్‌లో వీల్‌చెయిర్ బొమ్మ వేసి, గేటు నుంచి ఫ్లాట్ దాకా ఎక్కడా మెట్టు అడ్డురాదని రాశారు. అప్పటికింకా స్లాబులు పడుతున్నాయి. కాగితం నమ్మి డబ్బు కట్టేశాను.

గృహప్రవేశం రోజు అసలు సంగతి తెలిసింది. ర్యాంపు ఉంది, లేదనను. కానీ 18 అంగుళాల ఎత్తుకి ఆరడుగుల ర్యాంపు వేశారు. మన దేశ ప్రమాణాల ప్రకారం అంగుళం ఎత్తుకి కనీసం అడుగు పొడవుండాలి, అంటే 18 అడుగులు. పైగా నున్నటి గ్రానైట్ పరిచారు. సగం ఎక్కేసరికి ముందు చక్రాలు పైకి లేచిపోయాయి. మా బావమరిది వెనక పట్టుకోకపోతే తల పగిలేది. అది దాటితే లిఫ్ట్ ముందు రెండు మెట్లు. బాత్రూమ్ తలుపు తీస్తే దారి 23 అంగుళాలు, నా కుర్చీ 25. అందరూ పాలు పొంగించే దగ్గరుంటే నేను ఆ గుమ్మం ముందు టేపు పట్టుకుని కూర్చున్నాను.

సైట్ ఇంజినీర్‌ని అడిగితే, “వాచ్‌మన్ ఉంటాడు కదా సార్, ఎత్తి పెడతాడు” అన్నాడు. నన్ను సామానులా ఎత్తి దించడం వాళ్ల లెక్కలో సౌకర్యమే!

లిఫ్ట్ దగ్గర చిన్న ర్యాంపు నా ఖర్చుతోనే వేయించుకుంటానని అసోసియేషన్ మీటింగ్‌లో అడిగాను. రెండు బైకుల పార్కింగ్ పోతుందన్నారు. ఒక పెద్దాయన ప్రేమగానే, “బాబూ, నీకు కిందికి రావాల్సిన పనేముంది? ఫోన్‌లో ఆర్డర్ పెడితే అన్నీ ఇంటికే వస్తాయిగా” అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాపని స్కూల్ బస్సు ఎక్కించాలని, కూరగాయల బండి దగ్గర నాలుగు మాటలు మాట్లాడాలని నాకూ ఉంటుందని ఆ గదిలో ఒక్కరికీ తట్టలేదు.

కొనేముందు మీ కుర్చీ తీసుకెళ్లి, ఎవరూ నెట్టకుండా గేటు నుంచి బాత్రూమ్ దాకా వెళ్లి చూడండి. కట్టడం ఇంకా పూర్తికాకపోతే మంజూరైన ప్లాన్ అడిగి తలుపుల కొలతలు చూసుకోండి. ర్యాంపు పొడవు, తలుపు వెడల్పు అంగుళాల్లో సేల్ అగ్రిమెంట్‌లో రాయించండి. “చేసిచ్చేస్తాం సార్” అనే నోటిమాటకి విలువ లేదు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 44వ సెక్షన్ ప్రకారం, ప్రమాణాలు పాటించని సంస్థకి ప్లాన్ అనుమతి గానీ, కట్టడం పూర్తయిందన్న సర్టిఫికెట్ గానీ ఇవ్వకూడదు. ఈ ప్రమాణాలు సలహాల్లా మిగిలిపోకూడదని, తప్పనిసరిగా పాటించాల్సినవేవో తేల్చి నిబంధనలు చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ప్రకటనలో అబద్ధం చెప్పి డబ్బు కట్టించుకుంటే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 12వ సెక్షన్ కింద నష్టపరిహారం అడగొచ్చు. అందుకే బ్రోచర్ పారేయకండి.

నాది భద్రంగా ఉంది. ర్యాంపు పక్కన టేపు పెట్టి తీసిన ఫొటోలతో కలిపి ఈ వారమే రెరాలో ఫిర్యాదు వేస్తున్నాను.