బెజవాడ సోడా బండ్లు: ఏం అడగాలి, ఏం చూసుకోవాలి

బండి మీద వరసగా పేర్చిన రంగు సీసాల మీదికే అందరి చూపూ పోతుంది. చూడాల్సింది వాటిని కాదు, గోలీని. సీసా మెడలో గోలీ పైకి బిగిసి, రబ్బరు రింగుకు అతుక్కుని కదలకుండా ఉంటే గ్యాస్ నిలిచినట్టే. సీసాని కొంచెం ఊపితే టకటకమంటూ కిందా మీదా పడుతుంటే గ్యాస్ ఎప్పుడో పోయిందని అర్థం. ఎంత ఐసు వేసినా ఆ సీసా బాగుపడదు. మొహమాటపడకుండా వేరేది ఇమ్మనండి.

విజయవాడలో బీసెంట్ రోడ్డు, గవర్నర్‌పేట, కాళేశ్వరరావు మార్కెట్, బస్టాండు పరిసరాలు, గుంటూరులో అరండల్‌పేట, బ్రాడీపేట, లాలాపేట. ఇక్కడ దొరికే సోడాల గురించే ఈ సమీక్ష. ఒక్కో బండికి విడిగా మార్కులు వేయడం లేదు. సిలిండరు అడుగంటిన పూట ఎంత పేరున్న బండి దగ్గరైనా సోడా చప్పగానే ఉంటుంది, కొత్త సిలిండరు తగిలించిన పూట పేరులేని బండి కూడా ముక్కు అదరగొడుతుంది.

ముందు అడిగే పద్ధతి. ఇక్కడ ఉత్త "సోడా" అంటే "సాల్టా, స్వీటా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. సాల్ట్ అంటే ఉప్పూ నిమ్మకాయా, స్వీట్ అంటే పంచదార పాకమూ నిమ్మకాయా. రెండూ వద్దనుకుంటే "ప్లెయిన్" అని విడమరచి చెప్పాలి. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే తికమకపడతారు, అక్కడ సోడా అంటే చాలాచోట్ల ఏమీ కలపని సీసానే చేతిలో పెడతారు. షర్బత్ అన్నా అంతే. పాతబస్తీలో ఆ మాటకు రంజాన్ నాటి ఎర్రటి గులాబీ షర్బత్ గుర్తొస్తే, కర్నూలు, అనంతపురం మనిషికి నన్నారి గుర్తొస్తుంది. బెజవాడ బండి మీద "నన్నారి" అంటే కొందరికి తెలుస్తుంది, కొందరు తెల్లమొహం వేస్తారు. "సుగంధి" అంటే అందరికీ తెలుసు. రెండూ ఒకే మొక్క వేరుతో చేసేవే, ఆ మొక్క సుగంధిపాల. కాకపోతే సీమలో అందులో నిమ్మరసం, నానిన సబ్జా గింజలు మామూలుగానే పడతాయి. ఇక్కడ నిమ్మకాయ కావాలంటే చెప్పి పిండించుకోవాలి. గోదావరి జిల్లాల వాళ్లు ఆర్టోస్ అని పేరు పెట్టి అడుగుతారు. అది రామచంద్రపురం సరుకు, సోడా బండి మీద వెతక్కండి, కూల్‌డ్రింకు కొట్లో అడగండి. "డ్రింకు" అన్నా కొట్లో దొరికే మూత సీసా అనే లెక్క. నల్లగా ఉన్న ప్రతిదాన్నీ థమ్సప్ అనేయడం మాత్రం కోస్తా, సీమ, తెలంగాణ అన్న తేడా లేకుండా అంతటా ఉంది.

ఇక అసలు పని, గ్యాస్ ఎక్కించడం. ఈ గోలీ సీసా ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనే ఆయన 1872లో పేటెంటు తీసుకున్నది. మూత లేదు, గ్యాస్ ఒత్తిడే గోలీని రబ్బరు రింగుకు నొక్కి మూతలా నిలబెడుతుంది. సీసాలో నీళ్లు పోసి మిషన్‌లో బిగిస్తారు. సిలిండరు నుంచి గ్యాస్ వదిలి చక్రాన్ని గిరగిరా తిప్పుతారు, నీళ్లూ గ్యాసూ కలిసేది ఆ కుదుపులోనే. చివర సీసా తలకిందులుగా ఆగినప్పుడు గోలీ జారి రింగు మీద కూర్చుంటుంది. రెండు తిప్పులు తగ్గిస్తే గ్యాస్ నీళ్లలో కలవకుండా పైన ఖాళీలోనే ఉండిపోతుంది. అలాంటి సీసా కొట్టగానే చప్పుడు ఘనంగా వస్తుంది, గ్లాసులో మాత్రం రెండు గుక్కలకే చల్లారుతుంది. అందుకే చప్పుడు విని మోసపోవద్దు. గ్లాసు అడుగు నుంచి సన్న బుడగలు ఆగకుండా లేస్తున్నాయా లేదా చూడండి.

రెండో లోపం నీళ్ల వేడి. 20 డిగ్రీల నీళ్లలో కరిగే గ్యాస్‌తో పోలిస్తే 40 డిగ్రీల నీళ్లలో కరిగేది సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. మే నెల బెజవాడలో ఎండలో ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములోని నీళ్లతో సోడా కొడితే ఆ తర్వాత ఐసు పెట్టెలో ఎంతసేపు ఉంచినా పోయిన గ్యాస్ తిరిగి రాదు. నీళ్ల క్యానుకు తడి గోనెపట్టా చుట్టి నీడన పెట్టుకున్నవాళ్లు, ముందే చల్లబరిచిన నీళ్లు వాడేవాళ్లు పని తెలిసినవాళ్లు. మూడోది రబ్బరు రింగు. ఎండకు గట్టిపడి, పగుళ్లు వచ్చి, సన్నగా కారుతుంది. సీసా మూతి దగ్గర తడి చెమ్మ, చిన్న చిన్న బుడగలు కనిపిస్తే అదే.

సాల్ట్ సోడా విషయంలో వరస తప్పితే రుచి మొత్తం పోతుంది. ముందు గ్లాసులో అర నిమ్మకాయ పిండి, రెండు చిటికెల ఉప్పు వేసి ఆ రసంలోనే పూర్తిగా కరిగించాలి. తర్వాత గ్లాసును వాల్చి, సీసా మెడలోని నొక్కులు కిందికి వచ్చేలా పట్టుకుని పోయాలి. అలా పడితే గోలీ ఆ నొక్కుల్లో ఆగిపోయి దారికి అడ్డం రాదు. సోడా పోశాక పైనుంచి ఉప్పు చల్లితే బుస్సుమని పొంగి సగం గ్యాస్ అక్కడే పోతుంది. చూసేవాళ్లకు సరదాగా ఉంటుంది కాబట్టి కొందరు కావాలనే అలా చేస్తారు. ఆ తమాషాకు ఇచ్చేది మన సోడానే. నిమ్మకాయను తొక్క తిరగబడేలా పిండినా, గింజలు నలిగినా చేదు దిగుతుంది. పొద్దున్నే పిండి సీసాలో పోసుకున్న రసమైతే సాయంత్రానికి వాసన పోయి చేదు తేలుతుంది.

పక్కనే తెనాలిలో నిమ్మకాయల మార్కెట్టు ఉన్నా, ఎండాకాలం ధర ఎక్కినప్పుడు కొన్ని బండ్లలో నిమ్మరసం బదులు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) దిగుతుంది. పట్టుకోవడం తేలికే. పులుపు నేరుగా పళ్లకు తగులుతుంది, ముక్కుకు నిమ్మ వాసన రాదు. కాయ కళ్ల ముందు కోసిన చోటే తాగండి. నల్ల ఉప్పు, జీలకర్ర వేసే మసాలా సోడా కూడా ఫర్వాలేదు గానీ, ఆ ఘాటు కింద పాత నిమ్మరసం కూడా దాక్కుంటుంది. బిర్యానీ తిన్నాక సోడా తాగితే అరుగుతుందని మనవాళ్ల గట్టి నమ్మకం. వచ్చే తేన్పు సోడాలో ఉన్న గ్యాసే, అరిగినందుకు గుర్తు కాదు.

సుగంధికి ఎక్కువ మార్కులు ఇవ్వాలనే ఉంటుంది, ఇవ్వనిచ్చే బండ్లే తక్కువ. వేరు నానబెట్టి తీసిన సిరప్ లేత గోధుమ రంగులో ఉంటుంది. వాసన మెల్లగా తెలుస్తుంది, తాగాక నాలుక చివర చిరుచేదు మిగులుతుంది. ఎసెన్సు సిరప్ చిక్కటి కాఫీ రంగు, మూత తీయగానే గుప్పుమంటుంది, మింగాక తీపి తప్ప ఏమీ ఉండదు. అనుమానం వస్తే సోడా పోయకముందే సిరప్ ఒక చుక్క అరచేతిలో వేయమని అడగండి. మంచి సరుకున్నవాళ్లు సంతోషంగా వేస్తారు.

ఇంట్లో చేసుకోదలిస్తే ఆయుర్వేద మూలికల దుకాణంలో వేళ్లు దొరుకుతాయి. 100 గ్రాములు కడిగి, కచ్చాపచ్చాగా దంచి, మధ్యలోని కర్ర పుల్ల తీసి పారేయాలి. వాసన అంతా పై బెరడులోనే ఉంటుంది, పుల్ల వల్ల కర్ర రుచి తప్ప లాభం లేదు. బెరడును లీటరు మరిగిన నీళ్లలో వేసి మూతపెట్టి రాత్రంతా ఉంచి, పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టి, కిలోన్నర పంచదార కలిపి సన్న సెగ మీద కరిగించాలి. రెండు చేతివేళ్ల మధ్య పట్టుకుంటే జిడ్డుగా తగలగానే దించేయాలి. సుగంధి వేళ్లను పొయ్యి మీద గంటసేపు ఉడికించేవాళ్లు వాసనంతా ఆవిరిలో వదిలేస్తున్నారు. పంచదార తగ్గిస్తే సిరప్‌కు బూజు పడుతుంది. చివర అర చెక్క నిమ్మరసం వేస్తే అడుగున పలుకులు కట్టదు. సీసా సోడా 200 మిల్లీలీటర్లకు ఈ సిరప్ రెండు టేబుల్‌స్పూన్లు చాలు.

ద్రాక్ష, ఆరెంజి, పచ్చటి సోడాల గురించి చెప్పేదేమీ లేదు. రంగు మారుతుంది, రుచి మారదు. పిల్లలు మారాం చేస్తే తప్ప కొనక్కర్లేదు.

ఐసు మాత్రం గట్టిగా చూసుకోవాలి. తినడానికి పనికిరాని మంచుకు నీలం రంగు కలపాలన్నది కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. గోనెసంచిలో చుట్టిన పెద్ద దిమ్మను సుత్తితో కొట్టి గ్లాసులో వేస్తుంటే, అది ఏ రంగులో ఉన్నా, ఐసు వద్దని చెప్పి సీసానే చల్లటిది అడగండి. ఐసు సీసా బయట ఉన్నంతవరకూ ఇబ్బంది లేదు, గ్లాసులోకి వస్తేనే తంటా. గ్లాసులను ఒకే బకెట్టు నీళ్లలో పొద్దుటి నుంచి ముంచి తీస్తున్నా, గోలీని బొటనవేలితో నొక్కి తీస్తున్నా పక్క బండికి నడవండి. చెక్క కొట్టుడు పుల్లో ప్లాస్టిక్ బిళ్లో వాడేవాళ్లే నయం.

మెడ దగ్గర తెల్లగా అరిగిపోయి, గీతలు పడ్డ పాత గాజు సీసాలతో ఇంకో ప్రమాదం ఉంది. మిషన్‌లో ఒత్తిడికి అవి పగలొచ్చు. చక్రానికి ఇనుప మూత లేకుండా తిప్పుతుంటే పిల్లల్ని దగ్గర నిలబెట్టకండి. గోలీ సీసా ఆకారంలో వస్తున్న కొత్త ప్లాస్టిక్ సీసాలకు ఆ భయం లేదు గానీ, ప్లాస్టిక్ గుండా గ్యాస్ మెల్లగా బయటికి పోతూనే ఉంటుంది. వాటి మీద ముద్రించిన తయారీ తేదీ చూసి, వీలైనంత తాజాది తీసుకోండి.

పార్శిల్ అడగొద్దు. గాజు సీసా బండి దాటి పోనివ్వరు, కవరులో పోయించుకుంటే ఇంటి మెట్లెక్కేలోపు ఉప్పునీళ్లే మిగులుతాయి. ఇంటికి కావాలంటే సుగంధి సిరప్ విడిగా కొనుక్కుని, కిరాణా కొట్లో మూత సోడా తీసుకెళ్లి, రెండూ బాగా చల్లబడ్డాక గ్లాసులో కలుపుకోండి. సిరప్ ముందు, సోడా తర్వాత.