కోడ్లు సరే, ఈ స్కానర్‌లో అసలు సరుకు లైవ్ డేటా

కారులో ఏదైనా తేడా వస్తే దాని కంప్యూటర్ రాసుకునే ఇంజిన్ కోడ్లు ఏ చవక రీడరైనా చదువుతుంది. నేను ఈ స్కాన్ టూల్ కొన్నది తలుపులు, లైట్ల లాంటివి చూసుకునే కంప్యూటర్ బాడీ కంట్రోల్ మాడ్యూల్, అంటే బీసీఎం లోపలికి కూడా వెళ్తుందని. ఏళ్లు వాడాక చెబుతున్నా, అందులో లైవ్ డేటా, అంటే ఆ క్షణంలో మాడ్యూల్ ఏమనుకుంటోందో చూపించే పేజీ, ఒక్కటి చాలు.

మా కారు బ్యాటరీ తెల్లారేసరికి డౌన్ అయ్యేది. కొత్తది వేసినా అదే కథ. స్కానర్ పెడితే బారెడు కోడ్లు, అన్నీ 'యు'తో మొదలయ్యేవే. ఏబీఎస్‌ పలకడం లేదు, మీటర్ పలకడం లేదు అంటూ. వర్క్‌షాపులో బీసీఎం మార్చాలన్నారు, నాకు టెన్షన్ పట్టుకుంది. కానీ వోల్టేజ్ బాగా పడిపోయినప్పుడు మాడ్యూళ్లు ఒకదానికొకటి అందక ఇలాంటి కోడ్లు కుప్పగా రాసుకుంటాయి. బ్యాటరీ చార్జ్ చేసి అన్నీ చెరిపేశాను. ఒక్కటీ తిరిగి రాలేదు.

అప్పుడు లైవ్ డేటాలో డోర్ల వరుస తెరిచాను. తలుపులన్నీ వేసే ఉన్నాయి. మూడింటికి 'క్లోజ్డ్', వెనక ఎడమ తలుపుకి మాత్రం 'ఓపెన్'. ఆ తలుపును అరచేత్తో లోపలికి నొక్కితే 'క్లోజ్డ్' అవుతోంది, వదిలితే మళ్లీ 'ఓపెన్'. లాచ్ లోపలి చిన్న స్విచ్ అరిగిపోయింది. తలుపు తెరిచే ఉందనుకుని బీసీఎం రాత్రంతా మేలుకునే ఉంటోంది. లోపలి లైటు ఎప్పుడూ ఆఫ్‌లోనే పెడతాం కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. మీటర్‌లో తలుపు గుర్తు అప్పుడప్పుడూ వెలిగేది, ఇంకోసారి గట్టిగా వేస్తే పోయేది. దీనికి కోడ్ రాలేదు. ఎలా వస్తుంది? తలుపు తెరిచి ఉండటం తప్పేం కాదుగా! లాచ్ మార్చాక బ్యాటరీ బాధ తీరింది.

ఆ ఊపులో ఇది అన్నీ చూపిస్తుందని కనబడ్డవాళ్లందరికీ చెప్పాను. అంత కాదు. తర్వాత ఒకసారి పార్కింగ్ లైటు వెలగకపోయినా స్క్రీన్ మీద 'ఆన్' అనే ఉంది. అది బీసీఎం ఇచ్చిన ఆర్డరే తప్ప బల్బు దాకా కరెంటు వెళ్లిందనడానికి సాక్ష్యం కాదు. హోల్డర్ దగ్గర ఎర్త్ తుప్పు పట్టిన సంగతి మల్టీమీటర్‌తోనే తేలింది. ఇంకోటి, స్కానర్ తగిలించి ఉంటే మాడ్యూళ్లు నిద్రపోకపోవచ్చు. ఆగి ఉన్న కారు ఎంత కరెంటు తాగుతోందో కొలవాలంటే దీన్ని పీకేయాల్సిందే.

నా కారు పాతది, వారంటీ ఎప్పుడో అయిపోయింది, డోర్ ప్యాడ్ విప్పుకునే ఓపిక నాకుంది. అందుకే నాకు గిట్టుబాటైంది. మా తమ్ముడి కారులో ఇదే టూల్ బీసీఎంలోకి వెళ్లింది గానీ డోర్ల వరుసే చూపించలేదు. కొనేముందు మీ బండికి పెట్టి, తలుపొకటి తెరిచి మూసి చూడండి.