బావగారి పడవ షెడ్డులో, మేము సోమశిలలో

మా బావ ఉండేది మినసోటాలో. అక్కడి మినటాంకా సరస్సులో ఆయనకో పాంటూన్ పడవ ఉంది. రెండు లావుపాటి అల్యూమినియం గొట్టాలు, వాటి మీద బల్ల, బల్ల మీద సోఫాలు, వెనక ఔట్‌బోర్డ్ మోటారు. నరసాపురం రేవులో పంటు చూసినవాళ్లు దానికే హంగులు చేశారనుకోవచ్చు. చలికాలం ఆ సరస్సు గడ్డకట్టిపోతుంది, జనం మంచు మీద నడిచెళ్లి కన్నం పెట్టి చేపలు పడతారు. అందుకని అక్టోబరులో పడవని షెడ్డుకి పంపేసి, డిసెంబరులో ఆయన హైదరాబాద్‌లో దిగుతారు. దిగిన మర్నాడే "ఇక్కడ పడవలెక్కడున్నాయిరా?" అని మొదలు. సంక్రాంతి వెళ్లేదాకా ఆయన్ని వెంటేసుకుని తిరిగిన చోట్లు ఇవి.

లుంబినీ పార్కులో ఎక్కి హుస్సేన్‌సాగర్ మధ్యలోని బుద్ధుడి దాకా వెళ్లొచ్చే లాంచీ గురించి హైదరాబాదీలకి కొత్తగా చెప్పేదేం లేదు. సెలవు కాని రోజు పొద్దున్నే వెళ్తే క్యూ ఉండదు, చలికాలం కాబట్టి వాసనా తక్కువే. స్పీడు బోటు కంటే పెద్ద లాంచీయే నయం. స్పీడు బోటులో సర్దుకుని కూర్చునేలోపే ఒడ్డొచ్చేస్తుంది. బావకి బుద్ధుడి కంటే ఆయన వచ్చిన దారి మీద ఆసక్తి ఎక్కువ. 1990లో విగ్రహాన్ని నీళ్ల మీద తీసుకెళ్తుండగా మునిగిపోయింది, మనుషులు కూడా పోయారు. రెండేళ్లు అడుగునే ఉండి, 1992 డిసెంబరులో గానీ బండ మీద నిలబడలేదు. "మా పాంటూన్‌లో అందరూ ఫొటో కోసం ఒక పక్కకి చేరితేనే నాకు గుండె ఆగినంత పనవుతుంది" అన్నారాయన. తెరచాప పడవలు చూడాలనుకుంటే మాత్రం వానాకాలంలో రావాలి. ఇక్కడి పెద్ద సెయిలింగ్ పోటీలు ఆ గాలిని నమ్ముకునే జరుగుతాయి.

దుర్గం చెరువు చీకటి పడే వేళకి పెట్టుకోండి. 2020లో తెరిచిన కేబుల్ బ్రిడ్జి దీపాలు నీళ్లలో పడుతుంటే బాగుంటుంది, అంతవరకే. ఒడ్డు వెంట గుర్రపుడెక్క చూసి బావ ఆగిపోయారు. మినసోటాలో పడవని రోడ్డెక్కించేముందు దానికి అంటుకున్న నాచూ కలుపూ తీసేసి, అడుగున బిరడా ఊడదీసి నీళ్లు ఖాళీ చేయాలని చట్టమే ఉందట. ఒక సరస్సు పీడ ఇంకో సరస్సుకి పాకకూడదని.

ఊరి శివార్లలో ఓ రిసార్టుకీ వెళ్లాం, పేరెందుకులెండి. వెబ్‌సైటులో చెరువూ, తెల్లటి బోట్లూ కనులపండువగా ఉన్నాయి. తీరా వెళ్తే లైఫ్ జాకెట్లకి బకిల్స్ లేవు, లంగా నాడాలతో ముళ్లేసి ఇస్తున్నారు. బావ ఎక్కనన్నారు. కట్టిన డబ్బు వాపసు ఇవ్వలేదు గానీ టీ మాత్రం ఇచ్చారు, అది బాగానే ఉంది. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదం చూశాక కూడా జాకెట్ సంగతి "అదేం కాదు సార్" అనే చోట పిల్లల్ని ఎక్కించొద్దు.

నాగార్జున సాగర్ నూట యాభై కిలోమీటర్లు. పొద్దున ఆరింటికి బయలుదేరితే ఒక్క రోజులో తిరిగి రావచ్చు, కానీ పర్యాటక శాఖ వాళ్ల హరిత హోటల్లో జలాశయం కనిపించే గది దొరికితే రాత్రి ఉండిపోవడమే మేలు. నాగార్జునకొండకి లాంచీ ఆంధ్ర వైపు, విజయపురి సౌత్ నుంచి. శుక్రవారం మ్యూజియం మూస్తారు, ఆ రోజు తప్పించండి. లోయ మునిగిపోకముందే తవ్వి పైకి చేర్చిన శిల్పాలు ఆ దీవి మీదే ఉన్నాయి. లాంచీలో వెళ్తూ, మన కిందే ఓ పాత పట్నం ఉందనుకుంటే ఆ ప్రయాణమే వేరు. నా లెక్కలో కుటుంబంతో వెళ్లేవాళ్లకి అన్నిటికంటే ఇదే ఖాయమైన చోటు. శ్రీశైలం దాకా లాంచీ కావాలంటే జలాశయంలో నీళ్లు దండిగా ఉండాలి, లేకపోతే అది నడవదు.

నాకు నచ్చింది సోమశిల. నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా వెళ్లాలి, నాలుగు గంటలు పడుతుంది. శ్రీశైలం జలాశయం వెనక నీళ్లు ఇవి. నిండు మట్టం 885 అడుగులు. మేం వెళ్లేసరికి నీళ్లు బాగానే ఉన్నాయి, చుట్టూ ఎర్రటి గుట్టలు, మధ్యలో నదేదో చెరువేదో తెలియనంత విశాలం. రేవులో ఓ పెద్దాయన పుట్టిని, అంటే గుండ్రటి బుట్ట పడవని, బోర్లించి తారు పూస్తున్నాడు. వెదురు దబ్బల అల్లిక, దాని మీద ప్లాస్టిక్ పట్టా, పట్టా మీద తారు. డబ్బాలో కాచిన తారుని గుడ్డపీలికతో అతుకుల మీద అద్ది, బొటనవేలితో నొక్కి చూసి, మళ్లీ అద్దుతున్నాడు. బావ పక్కనే చతికిలబడి తన పడవ కథ ఎత్తుకున్నారు.

పాంటూన్‌ని ఒడ్డుకెక్కించాక గొట్టాల్లో చుక్క నీరు మిగలకూడదట. నీరు గడ్డకడితే ఉబ్బి అతుకులు పగులుతాయి. మోటారు కింద గేర్ ఆయిల్ మార్చాలి. తీసిన ఆయిల్ తెల్లగా వస్తే లోపలికి నీరు దిగినట్టే, అలాగే వదిలేస్తే చలికి గేర్ పెట్టె చీలుతుంది. ట్యాంకులో పెట్రోలు చెడకుండా మందు కలిపి, అది ఇంజనులోకి పాకేదాకా కాసేపు తిప్పాలి. బ్యాటరీ ఇంటికి పోతుంది. ముందు భాగం కాస్త ఎత్తి పెడితే కరిగిన మంచు వెనక్కి జారిపోతుంది. షెడ్డు అద్దె పడవ పొడవుని బట్టి అడుగుకింత. ఆరుబయట ఉంచితే చవక, కానీ గట్టిగా ప్లాస్టిక్ చుట్టించాలి, ఎంత చుట్టినా సోఫాల్లో ఎలుకలు కాపురం పెడతాయి.

పెద్దాయన అంతా విని "మాకు సలికాలం భయం లేదు సారూ. ఎండల్ల నీళ్లు ఎనక్కి పోతయ్, అప్పుడే పుట్టి ఒడ్డు మీద పడి పగుల్తది" అన్నాడు. ఇద్దరూ కలిసి ఎలుకల్ని తిట్టుకున్నారు. వాటి విషయంలో తేడా లేదు.

అసలు మన దగ్గర చూసుకోవాల్సింది నీటిమట్టమే. డిసెంబరు, జనవరిలో లాంచీ ప్రయాణం బాగుంటుంది. సోమశిల నుంచి శ్రీశైలం దాకా పర్యాటక శాఖ లాంచీ ఉంది, పొద్దంతా పడుతుంది, ఆ వారం నడుస్తోందో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. సప్తనదుల సంగమేశ్వరం, అదే వేపలింగం గుడి, ఆ నెలల్లో నీళ్ల కిందే ఉంటుంది. అది చూడాలంటే మట్టం బాగా తగ్గేదాకా, ఎండలు ముదిరేదాకా ఆగాలి. రెండూ ఒకే ట్రిప్పులో కావాలంటే కుదరదు. నాటు పడవ ఎక్కేటప్పుడు ఎంతమందిని ఎక్కించుకుంటున్నాడో చూసి ఎక్కండి. 2007 జనవరిలో ఈ కృష్ణలోనే అలాంటి పడవ మునిగి పదుల మంది పోయారు.

ఉండటానికి నది ఒడ్డున పర్యాటక శాఖ కాటేజీలున్నాయి, వారాంతం అయితే ముందే బుక్ చేసుకోవాలి. టిఫిన్ కొల్లాపూర్‌లోనే కానిచ్చి రండి. చేపల పులుసు కావాలంటే దిగగానే చెప్పాలి, అప్పటికప్పుడు పట్టి వండుతారు. బావ ముళ్లకి భయపడి పెరుగన్నంతో సరిపెట్టుకున్నారు గానీ మిగతావాళ్లం గిన్నె ఖాళీ చేశాం.