ఎరువుల దుకాణంలో టాలీప్రైమ్: పద్దులకు ఢోకా లేదు, గోదామే కనిపెట్టుకోవాలి

హాలియా, నిడమనూరు, మిర్యాలగూడ వైపు ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల దుకాణంలో కంప్యూటర్ పెట్టగానే వచ్చే మొదటి ప్రశ్న టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ గురించే. 2020 నవంబర్‌లో పాత టాలీ ఈఆర్‌పీ 9 స్థానంలో వచ్చిన టాలీప్రైమ్ ఆడిటర్లకు నచ్చుతుందా అన్నది వేరే సంగతి. సాగర్ ఎడమ కాలువ కింద వానకాలంలో ఉద్దెరకిచ్చి, వడ్లు అమ్ముడుపోయాక వసూలు చేసుకునే దుకాణానికి ఇది ఎంతవరకు పనికొస్తుందో చూద్దాం.

సమాచార వ్యవస్థ అంటే కంప్యూటర్, సాఫ్ట్‌వేర్, డేటా, మనుషులు, పని పద్ధతి. వీటిలో డబ్బు పెట్టి కొనగలిగేవి మొదటి రెండే. టాలీ బాగాలేదని తిట్టుకునే దుకాణాల్లో లోపం సాధారణంగా మిగతా మూడింటిలో ఉంటుంది.

ధర: ఒక్క కంప్యూటర్‌కు పనికొచ్చే సిల్వర్ లైసెన్సు 2024లో 22,500 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. మొత్తం 26,550. కౌంటర్‌లో ఒకటి, గోదాములో ఒకటి పెట్టి రెండింటిలో ఒకే లెక్క నడపాలంటే గోల్డ్ కావాలి, దాని ధర మూడు రెట్లు. తొందరపడి కొనాల్సిన పనిలేదు. ఎడ్యుకేషనల్ మోడ్‌లో ఉచితంగా నేర్చుకోవచ్చు. కాకపోతే నెలలో 1, 2, 31 తేదీల్లోనే ఎంట్రీలు తీసుకుంటుంది. గుమస్తాకు కీబోర్డు మీద ఎఫ్8 అమ్మకం, ఎఫ్9 కొనుగోలు, ఎఫ్6 వసూలు చేతికి అలవాటు కావడానికి అది చాలు. అసలు లెక్క ఏప్రిల్ 1న మొదలుపెట్టడం మేలు. కొత్త ఆర్థిక సంవత్సరం, గోదాములో సరుకు తక్కువ, జూన్ రద్దీకి ఇంకా రెండు నెలల టైముంటుంది.

ఎక్కువ దుకాణాలు దెబ్బతినేది కొలతల దగ్గర. యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ బస్తా 50. కంపెనీ బిల్లు టన్నుల్లో వస్తుంది, రైతు బస్తాల్లో అడుగుతాడు. 'బస్తా అంటే 50 కిలోలు' అని ఒక కాంపౌండ్ యూనిట్ (రెండు కొలతలను కలిపి కట్టే యూనిట్) చేసి అన్నిటికీ అదే తగిలిస్తే, 9 టన్నుల యూరియా టాలీలో 180 బస్తాలవుతుంది. గోదాములో దిగినవి మాత్రం 200. ఆ తేడా లోడు లోడుకూ పెరుగుతూ పోతుంది, చివరికి నింద హమాలీల మీద పడుతుంది. అందుకే కాంపౌండ్ యూనిట్ జోలికి పోకుండా ఆల్టర్నేట్ యూనిట్ వాడాలి. అందులో ప్రతి ఐటెమ్‌కూ దాని బరువు విడిగా ఇవ్వొచ్చు.

పన్ను రేట్లు ఐటెమ్ ఐటెమ్‌కూ కాకుండా స్టాక్ గ్రూపుకు పెడితే పని తగ్గుతుంది: ఎరువులకు 5, రసాయన పురుగుమందులకు 18, విత్తనాలకు సున్నా. ట్రైకోడెర్మా, వేప మందుల వంటి కొన్ని జీవ పురుగుమందులు 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5కి దిగాయి. వాటికి వేరే గ్రూపు తప్పదు.

పురుగుమందులకు బ్యాచ్ (ఒకే విడతలో తయారైన సరుకు గుర్తు), గడువు తేదీ నమోదు చేసే సదుపాయం బాగుంది. ఎఫ్11 సెట్టింగుల్లో బ్యాచ్‌లు ఆన్ చేసి, ఐటెమ్‌లో తయారీ తేదీ, గడువు తేదీ రెండూ ఎంచుకోవాలి. రద్దీలో కుర్రాడు బ్యాచ్ ఎంచుకోకుండా ఎంటర్ కొట్టుకుంటూ పోతే అమ్మకం టాలీ తనంతట పెట్టుకునే 'ప్రైమరీ బ్యాచ్' కింద పడుతుంది. అది మైనస్‌లోకి పోతుంది, అసలు బ్యాచ్ మాత్రం అమ్ముడుపోనట్టే కనబడుతుంది. మైనస్ వస్తోందని టాలీ హెచ్చరిస్తుందే గాని ఆపదు. ఇది మాకు నచ్చని గుణం. విత్తనాల విషయంలో బ్యాచ్ గడిలో లాట్ నంబర్ కొట్టి బిల్లు మీద వచ్చేట్టు చూడాలి. పత్తి మొలవకపోతే రైతు చేతిలో ఉండే ఆధారం అదొక్కటే, దుకాణదారును కాపాడేదీ అదే.

ఉద్దెర ఖాతాల దగ్గర టాలీ నిజంగా మెరుస్తుంది. నల్లగొండ జిల్లాలో 'సైదులు' అని ఒక లెడ్జర్ (ఖాతా) తెరిస్తే నెల తిరిగేలోపు నలుగురు సైదులుల బాకీ అందులో కలిసిపోతుంది. ఇంటిపేరు, పేరు, ఊరు కలిపి లెడ్జర్ పేరు పెట్టి, ఫోన్ నంబర్‌ను అలియాస్‌గా (మారుపేరుగా) ఇవ్వాలి. నంబర్ కొట్టగానే ఖాతా తెరుచుకుంటుంది. సండ్రీ డెటర్స్ (బాకీదారులు) కింద ఊరికొక గ్రూపు చేస్తే పెద్దవూర బాకీలు వేరుగా, త్రిపురారం బాకీలు వేరుగా ప్రింటు తీసుకుని వసూలుకు బయలుదేరొచ్చు. బిల్లువారీ లెక్క తప్పకుండా పెట్టాలి. రైతు ఒకేసారి 20,000 కట్టినప్పుడు దాన్ని పాత బిల్లులకు సర్దకుండా 'ఆన్ అకౌంట్' అని వదిలేస్తే ఏ బిల్లు ఎన్నాళ్లుగా ఉందో తేలదు, వడ్డీ దగ్గర మాటా మాటా పెరుగుతుంది. వడ్డీని టాలీ లెక్కగట్టి చూపిస్తుంది. అది ఖాతాలోకి ఎక్కాలంటే మళ్లీ మనం వోచర్ (లెక్క ఎంట్రీ) కొట్టాల్సిందే.

ఇక ఈ వ్యాపారానికే ప్రత్యేకమైన చిక్కు పీఓఎస్ మెషీన్ (అమ్మకం నమోదు చేసే యంత్రం). సబ్సిడీ ఎరువులు ఆధార్ వేలిముద్రతో ఆ మెషీన్ మీదే అమ్మాలి. అందులో అమ్మకం పడితేనే కంపెనీకి సబ్సిడీ వస్తుంది. ఆ లెక్క సర్కారుది, టాలీ లెక్క దుకాణానిది, రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. యూరియాకు లైన్లు కట్టిన రోజుల్లో ముందు బస్తాలిచ్చి, వేలిముద్రలు తర్వాత వేయిద్దామనుకుంటే మెషీన్‌లో ఉన్న బస్తాలు గోదాములో ఉండవు. వ్యవసాయాధికారి తనిఖీకి వచ్చినప్పుడు చూసేది సరిగ్గా ఆ తేడానే. ఎరువులు అమ్మే లైసెన్సు మీదికి వచ్చే వ్యవహారమది. రద్దీ రోజుల్లో రోజూ సాయంత్రం, మామూలప్పుడు వారానికోసారి మెషీన్, టాలీ, గోదాము మూడూ పక్కపక్కన రాసుకుని చూసుకోవాలి. స్టాక్ బోర్డు మీద రాసే అంకె కూడా అప్పుడే మార్చాలి. ఈ పనిని ఏ సాఫ్ట్‌వేరూ చేసిపెట్టదు, ఒక మనిషికి అప్పగించాల్సిందే.

డేటా ఫోల్డర్‌ను తీసుకెళ్లి గూగుల్ డ్రైవ్‌తో సింక్ అయ్యే చోట పెడతారు కొందరు. టాలీ తెరిచి ఉండగానే ఫైళ్లు అటూ ఇటూ పోయి డేటా పాడవుతుంది. రాత్రి దుకాణం కట్టేసేముందు ఆల్ట్, వై నొక్కి బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్ ఫైలును మాత్రమే డ్రైవ్‌లోకి, ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. పెన్‌డ్రైవ్ ఇంటికి పోవాలి, దుకాణం సొరుగులో కాదు. నెలకోసారి ఆ బ్యాకప్‌ను వేరే ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేసి తెరుచుకుంటోందో లేదో చూడాలి. కరెంటు పోతే లెక్క సగంలో ఆగకుండా ఒక యూపీఎస్ ఉండాలి. డేటాకు తాళం వేసే టాలీవాల్ట్ పాస్‌వర్డ్ పెడితే మాత్రం కాగితం మీద రాసి బీరువాలో దాచండి. అది మరిచిపోతే తిరిగి తెరిచే దారి కంపెనీ దగ్గర కూడా లేదు.

మా మార్కులు: ఉద్దెర పద్దులకు 5కి 4.5, జీఎస్టీకి 4, గోదాము లెక్కకు 3. నగదు మీదే అమ్మే చిన్న విత్తనాల కొట్టుకు ఇంత ఖర్చు దండగ. మంచి బిల్లు పుస్తకం, ఒక స్టాక్ రిజిస్టర్ చాలు.