ల్యూక్ ఆకుపచ్చ లైట్‌సేబర్: ఒక నమూనా సమీక్ష

స్టార్ వార్స్ చిత్రాల కథానాయకుడు ల్యూక్ స్కైవాకర్ ఆకుపచ్చ లైట్‌సేబర్‌కు, అంటే కాంతి అలుగు ఉన్న కత్తికి, నమూనాగా చేసిన ఈ కత్తిని ఆన్‌లైన్‌లో ఒక చిన్న విక్రేత వద్ద కొన్నాను. లోహపు పిడి చేతికి నిండుగా ఉంది, ఊపినప్పుడు వచ్చే గుంయ్‌మనే ధ్వని కూడా తృప్తినిచ్చింది. అయితే కాంతి గొట్టం చివరకు చేరేసరికి మసకబారుతోంది, అది ఈ ధరకు క్షమించదగిన లోపం కాదు.

నేను ఈ రంగునే ఎంచుకోవడానికి కారణం ఉంది. 1977 నాటి తొలి చిత్రంలో ల్యూక్‌కు తండ్రి ఆయుధంగా అందిన నీలి కత్తి, నిజానికి గ్రాఫ్లెక్స్ కెమెరా ఫ్లాష్ పిడితో తయారైనది, 1980 చిత్రంలో తెగిన అతని కుడిచేతితో సహా పడిపోతుంది. 1983లో అతడు స్వయంగా నిర్మించుకున్న ఆకుపచ్చ కత్తితో తిరిగి వస్తాడు గనుక, అది వారసత్వానికి కాక స్వార్జితానికి గుర్తు. శత్రుపక్షాన నిలిచిన తండ్రిని చంపగలిగిన క్షణంలో అతడు దానినీ విసిరివేస్తాడు. అర్జునుడు జారవిడిచిన గాండీవాన్ని మళ్ళీ ఎత్తి యుద్ధం చేశాడు. ఇతడు నిరాయుధుడిగానే, తండ్రి కొలిచే దుష్ట చక్రవర్తి ఎదుట నిలిచాడు. విసిరివేసినందుకే విలువ పెరిగిన ఆయుధాన్ని అల్మారాలో అద్దం వెనుక దాచుకోవడం కొంత విడ్డూరమే అయినా, గొట్టం మార్చి ఇస్తే ఉంచుకుంటాను.